సరిహద్దు దాటిన బిడ్డకు చికిత్స ఎవరిది?

మార్గశిరము నాటికి ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలనుండి, కూలీలను కుదుర్చు సర్దారు చేతి బయానా పుచ్చుకొన్న కుటుంబములు పసిబిడ్డలతోగూడ రైలెక్కి తెలంగాణమందలి ఇటుకబట్టీలకు చేరును. తొలకరికి ముందు తిరుగుముఖము పట్టును. ఈ నడిమి ఆరు నెలలు, గాలివెలుతురులు చొరని యిరుకు గుడిసెలో, దగ్గుచున్న తండ్రి ప్రక్కనే బిడ్డ నిదురించును. ఆ దగ్గు క్షయవలన కావచ్చును; క్షయచికిత్సకును సాధారణముగా ఆరు నెలలే పట్టును. కాబట్టి నడికాలమున రోగము బయటపడిన బిడ్డకు సగము మందు ఒక రాష్ట్రమునను, తక్కిన సగము వేరొక రాష్ట్రమునను దొరకవలసినదే. దొరకనిచో చికిత్స నడుమ తెగి, రోగము మందులకు లొంగని రూపము దాల్చు ప్రమాదము కలదు.

అసలు ఆ రోగము బయటపడుటయే దుర్లభము. పసివారు పెద్దలవలె తెమడ ఉమ్మజాలరు. ఉమ్మినను అందు క్రిములు స్వల్పము. సాయంకాలపు జ్వరము, పెరుగని బరువు, తగ్గని దగ్గు అను లక్షణములను ఆకలి ఫలమనియో, బట్టీ ధూళి ఫలమనియో తలచి ఊరకుందురు. తల్లి ఒడియాలో చెప్పుకొన్న గోడు తెలుగు నర్సుకు అందదు. మలపరీక్షచేతనే పిల్లల క్షయను గుర్తించు పద్ధతిని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇదివరకే ఆమోదించినది. ఆ సదుపాయము బట్టీకి సమీపమున నుండవలెను. టీకా విషయమునకు వచ్చినచో, 1948లో మన దేశమున బి.సి.జి. టీకా మొదలిడిన మదనపల్లె తెలుగునాటిదే. అయినను ఆ టీకా, మెదడు పొరలకు ప్రాకు ఘోరక్షయనుండి శిశువును చాలవరకు కాపాడునే గాని, ఊపిరితిత్తుల క్షయకు సంపూర్ణరక్షణ కాజాలదు. బిడ్డకు క్షయ సోకినదన్న, చికిత్స నెరుగని పెద్ద రోగి యొకడు చేరువనే యున్నాడన్నమాట. ఆ బిడ్డను విడిచిపెట్టుట ఆ వరుస గుడిసెలనన్నిటిని విడిచిపెట్టుటయే.

వలసవారు నేడో రేపో పోవువారు, వారిని చేర్చుకొన్నచో మా జిల్లా లెక్కలు చెడును అను వాదమును మేము అంగీకరింపము. బిడ్డ ఎచ్చట నున్నదో ఆ జిల్లాయే బాధ్యత వహింపవలెను. అంతర్రాష్ట్ర వలసకార్మికులకు ఉచితవైద్యము కల్పించు భారమును, 2025 వరకు అమలులోనుండిన 1979 నాటి చట్టము కాంట్రాక్టరుపై మోపియుండెను. బట్టీ యజమానులును ఆ బాధ్యతనుండి తప్పుకొనరాదు. పనికాలపు తొలిమాసముననే బట్టీలలో పరీక్షలు జరుపవలెను. రోగితో నొకే గుడిసెలోనుండు అయిదేండ్ల లోపు శిశువులకు, వారియందు క్షయ లేదని తేల్చుకొని, నివారణౌషధము తప్పక ఈయవలెను. రోగులకిచ్చు నెలకు 1000 రూపాయల పోషకాహారధనము బ్యాంకుఖాతా లేదను సాకున ఆగరాదు.

నిక్షయ్ అను ప్రభుత్వ క్షయరోగుల నమోదులో రోగి వివరములను ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు మార్చు వీలు ఇప్పటికే యున్నది; కాని వివరములు మారినంతమాత్రమున మందు చేరదు. స్వగ్రామమునకు మరలు కుటుంబము చేతికి నెలకు సరిపడు మందు నిచ్చి, అచ్చటి క్షయనివారణాధికారికి ముందుగనే వార్త నంపవలెను. 2025 నాటికి క్షయను నిర్మూలింతుమని దేశము పట్టిన ప్రతిన గడువు దాటినది, ఇక జాగు తగదు. రోగితోపాటు మందు రాష్ట్రము దాటుటకు క్రొత్త చట్టమక్కరలేదు. ఉభయరాష్ట్రముల ఆరోగ్యశాఖలు కూర్చుండి ఒప్పందమొకటి వ్రాసికొన్న చాలును. ఆ పని ఈ సంవత్సరమే జరుగవలెనని రెండు ప్రభుత్వములను కోరుచున్నాము.