పిల్లలను బడిలో జేర్చుట : రైతుల కర్తవ్యము



రోహిణికార్తె యెండలు ముగియగనే మన కాటారము ప్రాంతమున రెండు పనులు ఒక్కమారుగా వచ్చిపడును. ఒకటి మృగశిర తొలకరికి పత్తిగింజ విత్తుట. రెండవది జూన్ నెల రెండవవారమున తెరచు బడికి అయిదేండ్ల బిడ్డను పంపుట. మొదటి పనికి మనము నెలదినములు ముందుగానే సిద్ధపడుదుము. విత్తనపు సంచిమీది ముద్ర చూతుము. దుకాణమున రశీదు అడిగి పుచ్చుకొందుము. ఆ రశీదును పంట చేతికి వచ్చువరకు దాచియుంతుము. రెండవ పనికి మాత్రము ఆనాటి యుదయమున బిడ్డకు తలదువ్వి, చేయిపట్టి తీసికొనిపోయి, బడిలో దిగవిడిచి, చేనికి పరుగెత్తుదుము. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు చంకన నుండిన బిడ్డలు నేడు బడియీడునకు వచ్చుచున్నారు. వారి విషయమున మనము చేయవలసిన పనులను గూర్చి నా యభిప్రాయమును మీ ముందుంచుచున్నాను.

“పైరుల సంగతి చెప్పవలసినవాడు బడి సంగతి యేల యెత్తెను?” అని మీలో గొందరు తలంపవచ్చును. దానికి నా యనుభవమే సమాధానము. వ్యవసాయశాఖ పనిమీద గ్రామములు తిరుగు నాకు రైతుబీమా కాగితములు చూచు పనియు గలదు. 2018 ఆగస్టు నుండి మన రాష్ట్రమున పట్టాదారుడైన రైతు యే కారణముచేత మరణించినను, అతడు పేర్కొనిన వారికి అయిదులక్షల రూపాయలు లభించు నేర్పాటు నడచుచున్నది. అయితే రైతు వయస్సు పదునెనిమిదికి తక్కువగాను, ఏబదితొమ్మిదికి మించియు నుండరాదు. ఆ వయస్సు ఆధారు కార్డునుబట్టియే లెక్కింపబడును. కొన్నియేండ్ల క్రిందట నాకు బాగుగ పరిచయముగల రైతొకడు పాముకాటుచేత మరణించెను. కార్డులో అతని వయస్సు అరువదియొకటి. కావున బీమా పట్టీలో అతని పేరు లేదు. అతని తల్లి బ్రతికియే యున్నది. ఆమె కార్డులో వయస్సు డెబ్బదినాలుగు. తల్లికంటె కొడుకు పదుమూడేండ్లే చిన్నవాడని రెండు కార్డులును సాక్ష్యము చెప్పుచున్నవి! ఆ కాగితములు చేతబట్టుకొని ఆ ముసలితల్లి నన్నడిగినప్పుడు నాకు బదులు తోచలేదు.

ఆ రైతు చిన్ననాట బడిమెట్టు ఎక్కలేదు. అతని జననమును ఎవరును వ్రాయించలేదు. కార్డు తీయించుకొన్ననాడు వయస్సెంతయని యడుగగా, అతడు తెలియదనెను. నెరసిన తలవెండ్రుకలు చూచి యెవరో యొక అంకె వేసిరి. ఆ యంకెయే యతని కుటుంబమునకు అయిదులక్షల నష్టము కలిగించినది.

బడికి పోయిన నా సంగతియు నంతకంటె మేలుగా లేదు. నన్ను మా నాయన మిషన్ పాఠశాలలో జేర్చిననాడు, అచటి పంతులుగారు నా కుడిచేతిని తలమీదుగా త్రిప్పి యెడమచెవి నంటుకొమ్మనిరి. చెవి అందినది, అయిదేండ్లు నిండెనని జూన్ ఒకటవ తేదీని నా పుట్టినదినముగా వ్రాసికొనిరి. మా తరగతిలో సగముమంది జూన్ నెలలోనే పుట్టినవారమైతిమి! నేను నువ్వుచేను కోతలనాడు పుట్టితినని మా యమ్మ చెప్పుచుండెడిది. లెక్కించి చూడగా నాకు ఒకటిన్నర సంవత్సరము అధికముగ వ్రాయబడినది. పంతులుగారు సద్బుద్ధితోనే వ్రాసిరి. మా నాయన ఒక కాగితమైనను తీసికొనిపోలేదు గదా! ఆ తేదీయే పదవతరగతి ధ్రువపత్రమునకు, అందుండి ఉద్యోగపు పుస్తకమునకు ఎక్కినది. దిద్దింపజూచితిని, సాధ్యము కాలేదు. కావున నేను నిజమైన వయస్సునకు ఒకటిన్నర సంవత్సరము ముందే ఉద్యోగము విడువవలెను.

కాబట్టి మొదటి సంగతి యిది. బడిరిజిష్టరులో బిడ్డ పేరున వ్రాయబడు ఆ మొదటి పంక్తి, మన పాసుపుస్తకములోని సర్వేనంబరువంటిది. పాసుపుస్తకములో ఒక్క గుంట తప్పుపడినను మనము కచేరీల చుట్టు ఏండ్లతరబడి తిరుగుదుము. బిడ్డ పుట్టినతేదీ తప్పుపడినచో వాడు జీవితాంతము తిరుగవలెను.

జననమును ఇరువదియొక్క దినములలోపల గ్రామపంచాయతీలో వ్రాయించినచో రుసుము లేదు. ముప్పది దినములు దాటినచో పైయధికారి యనుమతియు, సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు అధికారముగల యధికారి యుత్తర్వును కావలెను. ఆలస్యమైనకొలది తిరుగుడు హెచ్చును. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డల జననము అచటనే నమోదగును గాని, పలుమారులు పేరు లేకుండ “మగబిడ్డ”, “ఆడబిడ్డ” అని మాత్రమే యుండును. అట్టివారు బడికి పోకముందే పంచాయతీలోగాని, నమోదైనచోటగాని పేరు చేర్పించుకొనవలెను. పదునైదేండ్లలోపల దీనికి అవకాశము గలదు. 2023 అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు పుట్టినతేదీని రుజువుచేయుటకు జననపత్రమే ఆధారమని చట్టము సవరింపబడినది. కావున నేడు ఒడిలోనున్న బిడ్డల తలిదండ్రులు ఇప్పుడే మేలుకొనవలెను.

పత్రము లేని బిడ్డనేమి చేయవలెనని యడుగుదురేమో. ఇంట కూర్చుండబెట్టరాదు. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము వయస్సు రుజువు లేదని యే బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదు. అంగన్‌వాడీ పుస్తకము, నర్సమ్మ టీకాలు వ్రాసిన కార్డు ఇంటనున్నచో అవి తీసికొనిపోయి తేదీని సరిగా వ్రాయించుడు. ఆధారు కార్డు లేదని బడిలో చేర్చుకొనకుండరాదని 2018 సెప్టెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను కార్డున్న బిడ్డకు అయిదేండ్లు దాటగనే వ్రేలిముద్రలు క్రొత్తగా నిప్పించవలెనని మరువకుడు. అన్ని కాగితములలోను ఇంటిపేరు, బిడ్డపేరు, తండ్రిపేరు, తల్లిపేరు ఒక్కతీరున నుండవలెను. ముద్దుపేరు వ్రాయింపకుడు. చదువురానివారు వ్రాసినదానిని మరియొకనిచే చదివించుకొని వినుడు, పంతులుగారు తప్పుపట్టరు.

ఇక రెండవ సంగతి: ఏ బడి? నేడు అనేక గ్రామములలో తెల్లవారగనే వ్యానులు వచ్చి అయిదేండ్ల పసికూనలను మండలకేంద్రమునకు గొనిపోవుచున్నవి. ఇంగ్లీషు కొరకే యని తలిదండ్రులు చెప్పుదురు. ఆ కోరికను నేను నిందింపను. ఇంగ్లీషువలని లాభమును నేనును పొందితిని. కాని 2022-23 నుండి ప్రభుత్వపు బడులలోను ఒకటవ తరగతి మొదలు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. పుస్తకములో ఒకప్రక్క తెలుగు, ఒకప్రక్క ఇంగ్లీషు అచ్చువేయబడినది. పుస్తకములు ఉచితము. మధ్యాహ్నభోజనము గలదు. ఇంటిభాషలో బాగుగ మాటలాడి, కథచెప్పి, లెక్కించగల బిడ్డ రెండవభాషను సులభముగ నేర్చును. ఇంటిభాషయే గట్టిపడని బిడ్డ రెండింటను తడబడును. కోయభాష మాటలాడు ఇండ్ల బిడ్డల విషయమున ఇది మరింత నిజము. వారిని ఇంటిభాష మానుమని గద్దింపరాదు.

మరియొక సంగతి. చట్టము ప్రకారము అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమికపాఠశాలకు ఇద్దరు, తొంబదిమంది వరకున్నచో ముగ్గురు ఉపాధ్యాయులుండవలెను. పిల్లలు తగ్గినకొలది ఉపాధ్యాయులును తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గిరని మిగిలినవారును పిల్లలను మాన్పింతురు. చెరువుకట్టకు గండిపడినట్లు ఇది కొంచెముగా మొదలై, కడకు ఊరికి బడియే లేకుండ పోవును. అప్పుడు నష్టపడువాడు వ్యాను కిరాయి ఇచ్చుకొనలేని కూలివాడే. సంఘసభ్యులమైన మనము ఈ సంగతి యోచింపవలదా? ఊరిబడిలో లోపమున్నచో విడిచిపోవుటకంటె అడుగుట మేలు. బడియాజమాన్య సంఘమున మూడువంతులు తలిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది. 2024లో మన రాష్ట్రమున అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములును ఏర్పడినవి. ఆ సభలకు పోయి మాటలాడిన రైతులను నేను వ్రేళ్లమీద లెక్కింపగలను.

మూడవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. దీనిలో తప్పు మనదే. బడి తెరచిన మొదటి నెలలలోనే విత్తుటయు, కలుపుతీతయు, వరినాట్లును వచ్చును. దసరా దాటగనే పత్తితీత. ఈ రెండు వేళలను అయిదేండ్ల బిడ్డ బడికి పోవుట నిలిచిపోవును. వాడు చేయు పని యేమియు లేదు. వాని చేతిపత్తి తూచిన గంపకు అడుగైనను నిండదు. తల్లి ప్రొద్దుటనే కూలిబండి యెక్కవలెను. బడిగంటకు ఇంకను సమయమున్నది. వానిని కనిపెట్టువారు లేరు. కావున వెంట చేనికి గొనిపోవును. లేదా ఏడేండ్ల అక్కను వానికి కాపుంచి, ఇద్దరి చదువును చెరచును. తల్లిని దూషించి ప్రయోజనము లేదు. వెంట వచ్చిన బిడ్డ అక్షరముల వరుసలో నాలుగుదినముల పాఠము పోగొట్టుకొనును. ఐదవదినము బడికి పోగా ఏమియు తెలియదు. తెలియనిచోట కూర్చుండుటకు సిగ్గుపడి ఏడ్చును. ఏడ్చెనని మరల మాన్పింతురు. నారు నాటిన మొదటివారమున నీరు తప్పినచో తరువాత ఎంత యెరువు వేసినను తేరుకొనదని మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి నాకు తోచిన యుపాయమొకటి గలదు. ఒక వాడలో ఎనిమిది, పది ఇండ్ల బిడ్డలు బడికి పోవువారుందురు. దినమునకొక యింటివారు వంతున నిలిచి, అందరి బిడ్డలను కూర్చి, గంటకొట్టువేళకు బడిలో దిగవిడిచి పనికి పోవచ్చును. పదిదినములకొకమారు ఒక పూట ఆలస్యము. మిగిలిన తొమ్మిదిదినములు నిశ్చింత. కాలువనీటికి వంతులు పెట్టుకొను మనకు ఇది క్రొత్త విద్య కాదు. పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనిలో పెట్టుట నేరమనియు, ఇంటిపనికైనను బడివేళ దాటిన పిమ్మటనే సాయము పుచ్చుకొనవచ్చుననియు 2016లో సవరించిన చట్టము చెప్పుచున్న సంగతి గూడ గుర్తుంచుకొనుడు.

నాల్గవది బిడ్డ దేహమును గూర్చిన మాట. అయిదు, ఆరు ఏండ్ల నడుమ వేయవలసిన టీకా యొకటి గలదు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాయువు రాకుండ నది కాపాడును. నర్సమ్మ నడిగి వేయించుడు. నులిపురుగులకు ఫిబ్రవరిలోను, ఆగస్టులోను బడియందే మాత్రలిత్తురు. వారమునకొకమారు గులాబిరంగు ఇనుపమాత్రయు నిత్తురు. ఈ మాత్రలకు జడిసి ఆ దినము బడి మాన్పింపకుడు. కడుపులో పురుగులున్న బిడ్డ తిన్న తిండి వానికి దక్కదు. ఒట్టికడుపున మాత్రము పంపకుడు. రాత్రి మిగిలిన అన్నమైనను మజ్జిగతో తినిపించుడు. పలకమీది అక్షరమును దగ్గరకు తీసి చూచు బిడ్డకు కంటిలోపమును, పిలిచిన పలుకని బిడ్డకు చెవిలోపమును ఉండవచ్చును. మొద్దనుకొని కొట్టుటకు ముందు పరీక్ష చేయించుడు. బడిలోగూడ బిడ్డను కొట్టుట చట్టముచే నిషేధింపబడినది.

నా వృత్తికి సంబంధించిన హెచ్చరిక యొకటి చేయుచున్నాను. పురుగుమందు సీసాలను, డబ్బాలను ఎంత కడిగినను బడికి నీళ్లు పంపుటకు వాడకుడు. వానిని ఇంటిలో బిడ్డ చేతికందుచోట ఉంచకుడు. మందుకొట్టిన బట్టలతో బిడ్డ నెత్తుకొనకుడు. ఆ బట్టలను బడిబట్టలతో కలిపి ఉతుకకుడు.

ఇక సంఘమును గూర్చి నా మనవి. 1844లో ఇంగ్లండు దేశపు రాచ్‌డేల్ పట్టణమున నేతగాండ్రును ఇతర పనివారును కలసి సహకారదుకాణము పెట్టిరి. వారు కొన్నియేండ్లకే లాభమున నూటికి రెండున్నర వంతున విద్యకొరకు తీసిపెట్టిరి. సభ్యులకు చదువు లేనిది సంఘము నిలువదని వారు గ్రహించిరి. నేటికిని లోకమందలి సహకారసంఘముల సూత్రములలో విద్య యొకటి. మనము అంత సొమ్ము తీయలేకున్నను మూడు పనులు చేయవచ్చును. ఏటేట మే నెలలో గ్రామమువారీగా అయిదేండ్లు నిండు బిడ్డల పట్టిక వ్రాయుట; జననపత్రము లేనివారి దరఖాస్తులను విత్తనపు కాగితములతోపాటు సంఘము గుమాస్తాచే వ్రాయించుట; వాడవాడకు వంతుల యేర్పాటు చేయుట. వీనికి పెట్టుబడి అక్కరలేదు. సభలో ఒక తీర్మానము చాలును. రాబోవు సర్వసభ్యసభలో దీనిని ప్రతిపాదింపవలెనని పాలకవర్గమువారిని కోరుచున్నాను.

విత్తనము చెడినచో మరుసటి యేట మరల విత్తవచ్చును. బిడ్డకు అయిదవయేడు ఒక్కమారే వచ్చును. ఈ మృగశిరకు విత్తనపు రశీదు దాచినచోటనే బిడ్డ జననపత్రమును గూడ దాచుడు. ఆ ముసలితల్లివలె మీ యింటివారెవరును కాగితములు పట్టుకొని నాయొద్దకు రాకుండవలెననియే నా కోరిక.