సేవ అని పేరు పెట్టి కూలి ఎగ్గొట్టే విద్య

2025 ఏప్రిల్‌లో అమెరికా జాతీయ సేవా పథకం ‘అమెరికోర్’లో పనిచేస్తున్న యువతకు పని ఆపేయమని కబురు వచ్చింది. శిబిరాల్లో ఉండి జట్లుగా పనిచేసేవాళ్లను ముందు ఇళ్లకు పంపేశారు. నెలాఖరుకు సుమారు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు రద్దు చేశారు. 32 వేల మందికి పైగా వాలంటీర్ల మీద ఆ దెబ్బ పడింది. కొండదారులు బాగుచేసేవాళ్లు, పల్లె బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లు, పేదలకు తిండి గింజలు పంచేవాళ్లు అందులో ఉన్నారు. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కితే, ఆ రాష్ట్రాల వరకు గ్రాంట్లు తిరిగి ఇమ్మని జూన్‌లో తీర్పు వచ్చింది. అప్పటికే జట్లు చెదిరిపోయాయి.

అమెరికాలో షికారు దారులు పాడైతే రైతు సంఘానికేం నొప్పి అని మిత్రులు అడుగుతారు. ఆ దారులు ఎవరి ఊళ్ల మీదుగా పోతాయో ముందు చూద్దాం.

అక్కడి తూర్పు కొండల మీద 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఒకటి ఉంది. అప్పలాచియన్ ట్రెయిల్ అంటారు. ఆ కొండల్లో బతికేది చిన్న కమతాల రైతులు, బొగ్గు గని కార్మికులు. గనులు ఒకటొకటే మూతపడ్డాయి. అక్కడి రైతులు ఒకప్పుడు వేసిన పంటల్లో ముఖ్యమైనది బర్లీ పొగాకు. దశాబ్దాలుగా నిలబెట్టిన కోటాలను, మద్దతు ధరను 2004 చట్టంతో ఎత్తేశారు. కంపెనీ చెప్పిందే ధర అయింది. చిన్న రైతులు వేలల్లో పొగాకు మానేశారు. 2025లో నల్ల బర్లీ కొనే నాథుడు లేక పర్చూరు వైపు రైతులు పడ్డ పాట్లు చూసినవాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

పంట పోయి, గని పోయి, చివరికి ఆ ఊళ్లకు మిగిలింది దారిన పోయే నడకరులు. వర్జీనియాలో డమాస్కస్ అనే చిన్న ఊరుంది. కాలిబాట ఆ ఊరి నడివీధిలోంచే పోతుంది. వచ్చినవాళ్లు తిని, పడుకుని, బూట్లు కొనుక్కుని వెళ్తేనే అక్కడ నాలుగు కొట్లు తెరిచి ఉంటాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చి ఆ చుట్టుపక్కల వంతెనలు, దారులు ఊడ్చుకుపోయింది. దారి బాగుపడటం అక్కడ షోకు కాదు, ఊరి గంజి.

ఆ పని ఎలాంటిదో కూడా చెప్పాలి. వాన నీరు బాటను కోసెయ్యకుండా రాళ్లు అడ్డంగా పాతి నీళ్లను పక్కకు మళ్లించాలి. ఏటవాలులో మెట్లు కట్టాలి. కొన్ని అడవుల్లో మోటారు రంపం వాడకూడదని చట్టం, అందుకని పడిపోయిన మానులను ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపంతో కోయాలి. మన చేలో బోదెలు తీసేవాళ్లు, గట్లు వేసేవాళ్లు చేసే పనికీ దీనికీ తేడా ఏముంది? నడుం విరిగే పని. చెయ్యి తిరగాల్సిన పని.

మరి దీన్ని కూలి పని అనకుండా సేవ అని ఎందుకు అంటున్నారు? అసలు కిటుకు అక్కడే ఉంది. అమెరికోర్ చట్టం ప్రకారం ఈ వాలంటీర్లు ఉద్యోగులు కారు. ఇచ్చేది జీతం కాదు, బతుకుతెరువు భత్యం. పల్లెల్లో పేదరికం మీద పనిచేసే విస్టా అనే విభాగంలో ఆ భత్యాన్ని దారిద్ర్య రేఖను చూసి లెక్కకడతారు. అంటే పేదలకు సాయం చేయడానికి వెళ్లినవాడు కూడా పేదవాడిగానే ఉండాలన్నమాట. ఏడాది పూర్తయితే చదువుకు కొంత డబ్బు వస్తుంది, దాని మీద మళ్లీ పన్ను. ఉద్యోగి కాదు గనుక, తీసేసిన రోజున నిరుద్యోగ భృతి కూడా సాధారణంగా దక్కదు. జీతగాణ్ని తీసెయ్యాలంటే నోటీసు, సంఘం, కేసు అని నాలుగు అడ్డంకులు ఉంటాయి. సేవకుణ్ని తీసెయ్యడానికి ఒక్క ఈమెయిల్ చాలింది.

వాలంటీర్లను చూపించి ఉన్న ఉద్యోగులను తీసెయ్యకూడదని కూడా ఆ చట్టంలోనే రాసుకున్నారు. కానీ 2025 ఫిబ్రవరిలో అడవుల శాఖ, జాతీయ ఉద్యానవనాల శాఖల్లో ప్రొబేషన్ ఉద్యోగులను వందలు, వేలల్లో తొలగించారు. రెండు నెలలకు వాలంటీర్ల మీద పడ్డారు. వెరసి దారి చూసుకునేవాడే లేడు.

ఇదే దేశం ఒకప్పుడు ఇంకోలా చేసింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ తొమ్మిదేళ్లలో సుమారు 30 లక్షల మంది యువకులకు పని ఇచ్చింది. నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. పంట అమ్ముడుపోని రైతు ఇళ్లు ఆ 25 డాలర్లతో గడిచాయి. వాళ్లు చెట్లు నాటారు, మట్టి కోతను ఆపారు, ఇప్పుడు మనం చెప్పుకుంటున్న కాలిబాట చివరి ముక్కను 1937లో పూర్తిచేశారు. దాన్ని ఎవరూ సేవ అనలేదు, పని అన్నారు.

అలాగని ఆ పథకాన్ని నెత్తిన పెట్టుకోలేం. నల్లజాతి యువకులను విడి శిబిరాల్లో ఉంచారు. అంతకన్నా మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. వర్జీనియాలో షెనాండోవా జాతీయ ఉద్యానవనం కోసం కొండ మీది సుమారు 500 కుటుంబాలను లేపేశారు. కొందరికి పరిహారం వచ్చింది. సొంత పట్టా లేని కౌలుదార్లకు, పాలేర్లకు భూమికి పైసా రాలేదు. ఖాళీ అయిన ఇళ్లను కూల్చిన చేతులు కూడా ఈ శిబిరాల కుర్రవాళ్లవే. ఆ పిల్లల్లో చాలామంది పేద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పేదవాడి ఇంటిని పేదవాడి చేతే పీకించి, ఆ జాగాలో పట్నం వాళ్లకు వాహ్యాళి దారి వేశారు. కవ్వాల్ అడవి నుంచి మైసంపేట, రాంపూర్‌లను దింపినప్పుడు, నల్లమల చెంచులను దిగి రమ్మని అడుగుతున్నప్పుడు మాకు ఆ కొండ ఇళ్లే గుర్తుకొచ్చాయి.

ఇక మన ఇంటి సంగతికొద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ వాలంటీర్లను పెట్టారు. నెలకు 5,000. పింఛను పంచింది వాళ్లు, కరోనాలో ఇల్లిల్లూ తిరిగింది వాళ్లు. పెంచమని అడిగితే మీది ఉద్యోగం కాదు, సేవ అన్నారు అప్పటి ప్రభుత్వం వారు. 10,000 ఇస్తామని ఓట్లడిగినవారు గెలిచాక అసలు వ్యవస్థనే పక్కన పెట్టారు. రెండు పార్టీలకూ ఆ ‘వాలంటీరు’ అన్న మాటే అక్కరకొచ్చింది. ఆశా అక్కచెల్లెళ్లకు ఈ పాఠం ఎప్పటి నుంచో తెలుసు.

కాలేజీ పిల్లల ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచి ఉంది. ఏడు రోజుల శిబిరం వేసి ఊరు చూసి వెళ్తారు. మంచిదే, పిల్లలు పల్లె ముఖం చూస్తారు. (నాటిన మొక్కకు శివరాత్రి దాటాక నీళ్లు పోసేదెవరన్నది మాత్రం అడక్కండి.) ఆ పిల్లలతో మాకు పేచీ లేదు. ఊరికి రోడ్డు వేయాల్సిన ప్రభుత్వం, ఊరు శుభ్రం చేసే పిల్లల ఫొటోల వెనక దాక్కుంటేనే పేచీ.

అల్లూరి జిల్లా కొండల మీద గర్భిణిని డోలీలో మోసుకొస్తున్నారు. విసిగిన ఆదివాసీలు తామే గునపాలు పట్టి దారి తవ్వుకుంటే పత్రికలు ‘శ్రమదానం, ఆదర్శం’ అని రాస్తాయి. దానం ఎవరు ఎవరికి చేశారు? ఉపాధి హామీలో 2025-26 రేటు ప్రకారం రోజుకు 307 రూపాయలు రావలసిన పని అది. అదే కొండల్లో పర్యాటకులకు ట్రెక్కింగ్ దారులు, గుడారాలు, వ్యూ పాయింట్లు అంటే మాత్రం నిధులు దొరుకుతాయి. ట్రెక్కింగ్ వద్దని మేం అనడం లేదు. డమాస్కస్ ఊరికి అది గంజి అయినట్టే మారేడుమిల్లికి కూడా కావచ్చు. కాకపోతే పీసా చట్టం ప్రకారం ముందు గ్రామసభలో పెట్టాలి. దారి వేసే పని ఆ ఊరివాళ్లకే కూలి మీద ఇవ్వాలి. డోలీ దారి పూర్తయ్యాకే షికారు దారి మొదలవ్వాలి.

మండల కమిటీలు ఈ నెల ఒక పని చేయాలి. ఏజెన్సీ గ్రామాల్లో గత రెండేళ్లలో శ్రమదానం పేరుతో వేసుకున్న దారులెన్ని, ఎంతమంది ఎన్ని రోజులు పనిచేశారు, రాసి పంపండి. ఇంకా మిగిలి ఉన్న దారి పనికి ఉపాధి హామీలో లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టించండి. తేదీ వేసిన రసీదు తీసుకోకుండా కదలొద్దు. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ రసీదుల నకళ్లు జిల్లా కార్యాలయానికి చేరాక అందరం కలిసి కలెక్టరేటుకు వెళ్దాం.