ప్రెస్ ఆగేలోగా చెయ్యి ఎంత దూరం పోతుంది?

ఐ.టి.ఐ. చదివిన పల్లె కుర్రాళ్లు బాలానగర్, జీడిమెట్ల, విశాఖ ఆటోనగర్ వంటి చోట్ల వర్క్‌షాపుల్లో పనికి కుదురుతుంటారు. రేకును నొక్కి రూపమిచ్చే పవర్ ప్రెస్ దగ్గర వారి వేళ్లకు ఎప్పుడూ గండమే. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. చట్టం మారినా ప్రెస్ ముందు వేయవలసిన లెక్క మాత్రం మారలేదు.

కొన్ని ప్రెస్‌లకు ఇనుప కంచెకు బదులు కంటికి కనబడని కాంతి తెరను అమరుస్తారు. చెయ్యి అడ్డు పడగానే ఆ కబురు పి.ఎల్.సి. అనే చిన్న కంప్యూటరుకు చేరుతుంది. అది ప్రెస్‌ను ఆపుతుంది. అయితే ఎంతసేపటికి ఆపుతుందన్నదే అసలు ప్రశ్న.

పి.ఎల్.సి. ఎడతెగకుండా చూస్తూ ఉండదు. ఒకసారి కబుర్లన్నీ చదువుకుని, లెక్క కట్టి, ఆజ్ఞ ఇచ్చి, మళ్లీ చదువుతుంది. తపాలా డబ్బా నుంచి ఉత్తరాలు తీసుకుపోయిన మరుక్షణం వేసిన ఉత్తరం తర్వాతి వంతు దాకా ఆగవలసిందే. అలాగే చదవడం ముగిసిన మరుక్షణం చెయ్యి అడ్డు వస్తే ఒక చుట్టు వృథా అవుతుంది. రెండో చుట్టు ముగిసాకే ఆజ్ఞ బయటికి వస్తుంది. కావున లెక్కలో రెండు చుట్లు వేయాలి.

ఉదాహరణకు తెరకు 20 మిల్లీ సెకన్లు, కబురు లోనికి చేరడానికి 5, ఒక్కొక్కటి 20 చొప్పున రెండు చుట్లకు 40, రిలేకు 15, బ్రేకు పడి ప్రెస్ నిలవడానికి 120 అనుకుందాం. మొత్తం 200. అంటే సెకనులో అయిదో వంతు.

చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో దూసుకు వస్తుందని ఐ.ఎస్.ఓ. 13855 ప్రమాణం లెక్క. ఆ ప్రకారం, వేలు కూడా దూరని దగ్గరి కిరణాల తెర అయినా అచ్చుకు 40 సెంటీ మీటర్ల దూరంలో ఉండాలి. ఒకే చుట్టు లెక్కవేసినవారు 36 సెంటీ మీటర్లకే బిగిస్తారు. ఆ నాలుగు సెంటీ మీటర్లలో పోయేది కార్మికుని వేళ్లే.

బ్రేకు అరిగి 120 కాస్తా 160 అయితే కావలసిన దూరం 48 సెంటీ మీటర్లకు పెరుగుతుంది. తెర మాత్రం పాతచోటనే ఉంటుంది. ప్రోగ్రాములో కొత్త పనులు చేర్చి చుట్టు పొడవైనా ఇదే చిక్కు. కనుక బ్రేకు, ప్రోగ్రాము ముట్టుకున్న ప్రతిసారీ ప్రెస్ ఆగే కాలాన్ని తిరిగి కొలవాలి. సగటు కాదు, అన్నిటికంటె ఆలస్యమైన సందర్భాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మరొక మాట. పాత కీ క్లచ్ ప్రెస్ ఒకసారి కదిలితే స్ట్రోకు ముగిసే దాకా ఆగదు. దానికి కాంతి తెర కట్టినా ఫలితం శూన్యం. ఇనుప కంచె తప్పనిసరి.

కొలిచిన కాలం, తెర దూరం, కొలిచిన తేదీ ప్రెస్ మీదనే రాసి ఉంచితే యజమానికి ఖర్చేమీ కాదు. పనికి పంపే తల్లిదండ్రులు జీతంతోపాటు ఈ మూడూ అడిగి తెలుసుకోవడం మంచిది.