మరమ్మతుకు వెల యెవరు చెల్లింపవలెను?

లినక్సు ఉచితముగా లభించునని విని దానిని తమ కంప్యూటరులో పెట్టుకొన్నవారు, కొన్ని భద్రతా సవరణలు చందాదారులకే అందునను మాట తెరపై చదివి కినుక వహించుచున్నారు. ఇది మోసమని కొందరందురు. మేమట్లు తలంపము.

ఆంగ్లమున స్వేచ్ఛకును ఉచితమునకును ఒక్కటే మాట. తెలుగున అవి వేఱువేఱు మాటలు గనుక మన పిల్లలకు ఈ భేదము సులువుగా బోధపడును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు, 1992లో జి.పి.ఎల్. అను అనుమతిపత్రము క్రిందికి వచ్చినది. ప్రోగ్రాము మూలమును చదువుటకు, మార్చుటకు, పంచుటకు అది హక్కు నిచ్చును, అమ్ముటను నిషేధింపదు. ఎల్లకాలము ఎవరో యొకరు ఊరక బాగుచేసి పెట్టుదురను వాగ్దానము అందెచ్చటను లేదు. బాగుచేయువాడును భోజనము చేయవలెను గదా! 2014లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాధనమున హార్ట్‌బ్లీడ్ లోపము బయటపడినపుడు, లోకమంతయు నమ్ముకొన్న దానిని కాపాడుచున్నవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారని తెలిసినది.

అయినను భద్రతా సవరణ తక్కిన సరకులవంటిది కాదు. ఒకని పెరటిగోడకు పడిన కన్నముగుండ దొంగ పొరుగింటికిని పోవును.

ఉబుంటు దీర్ఘకాలిక ప్రతులు రెండేండ్లకొకటి వెలువడును. ఐదేండ్లు ప్రధానభాగమునకు సవరణలు అందరికిని ఉచితము. ఆపై సంవత్సరములకును, వేలకొలది అదనపు ప్రోగ్రాములకును హామీగల సవరణలు ఉబుంటు ప్రో అను చందాలో చేరును. వ్యక్తులకు ఐదు యంత్రములవరకు అదియు ఉచితమే. ఇంటికిది చాలును. ఇరువది యంత్రములున్న బడికో? గడువులోపల క్రొత్తప్రతికి మారినచో పైకముతో పనిలేదు, నిజమే. కాని దాతలిచ్చిన పాతయంత్రము క్రొత్తప్రతి బరువును మోయలేకపోవచ్చును. మార్చు నేర్పుగల ఉపాధ్యాయుడును ప్రతి బడిలో నుండడు. చందా భారము తుదకు ఇట్టి బడులమీదనే పడును.

1993లో పుట్టిన డెబియన్ సమాజపు మార్గము మాకు మేలుగా దోచుచున్నది. వారి ప్రతికి మొదటి మూడేండ్ల సేవ ముగిసిన పిదప, మఱి రెండేండ్లు దీర్ఘకాల సేవ గలదు. అది 2014లో మొదలైనది. ఈ పనికి కొన్ని సంస్థలు ధనమిచ్చును. పనివారికి కూలి ముట్టును. సవరణ మాత్రము ఇచ్చినవానికిని ఈయనివానికిని ఒక్కతీరుగా అందును. ధనము శ్రమకు చెల్లుచున్నదేగాని, రక్షణకు వాకిట సుంకము లేదు. లినక్సు తెరపై కనబడు తెలుగు మాటలలో పెక్కు, స్వచ్ఛందముగా కూర్చినవారి కృషియేయని మనము మఱవరాదు. వారెవరును చందా యడుగలేదు.

కంప్యూటరు గదికి పట్టిక వ్రాయు పెద్దలకు ఒక మనవి. యంత్రపు వెల ప్రక్కనే, అందు వేయు ప్రతికి ఉచిత సవరణలు ఏ సంవత్సరముతో ఆగునో అదియు వ్రాయింపుడు. ఆ యేడు మార్పునకు ఎవరు పూనుకొందురో వారి పేరును వ్రాయింపుడు.