వాళ్లది టేస్టింగ్, మనది తాగుడు

పోయిన శనివారం సాయంత్రం నేనొక మైక్రోబ్రూవరీలో కూర్చున్న ఫోటోను ఒక మిత్రుడు తన వాల్ మీద పెట్టాడు. ఆదివారం పొద్దుటికల్లా నా ఇన్‌బాక్స్‌లో పదకొండు మెసేజ్‌లు. "అన్నా, మీరు కూడానా?" అని ఒక తమ్ముడు. "సార్, మాకేమో వాడల్లో బెల్టు షాపులు మూయించాలని చెప్తరు" అని మా పాత విద్యార్థిని. ఇద్దరూ అడగాల్సిందే అడిగారు. అందుకే ఈ వారం రాస్తానన్న వ్యాసం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఆ ఫోటోలో కనిపించని విషయం ఒకటుంది. అది మీరు అడిగినదానికంటే పెద్దది.

ముందు ఒప్పుకోలు. వెళ్లాను, తాగాను, బాగుంది. ఐదుగురం. నలుగురం లెక్చరర్లం, ఒకరు సాఫ్ట్‌వేర్. ఎండాకాలం స్పెషల్స్ వచ్చాయంటే వెళ్లాం. చెక్క పలక మీద ఆరు చిన్న గ్లాసులు తెచ్చి పెట్టారు. తెచ్చిన కుర్రాడు ఒక్కోదాని గురించీ ఓపిగ్గా చెప్పాడు. ఇది మామిడి వేసిన గోధుమ బీరు, ఇది ధనియాలు, నారింజ తొక్క వేసిన బెల్జియం పద్ధతి, ఇది మాడేదాకా వేయించిన బార్లీతో చేసిన స్టౌట్. ఒకదాంట్లో అరటిపండు వాసన వస్తుంటే పండు వేశారా అని అడిగాను. లేదు సార్, అది ఈస్ట్ వల్ల వచ్చే వాసన అన్నాడు. మామిడిది నాకు నచ్చలేదు, వాసనే తప్ప పండు లేదు. ధనియాలది మాత్రం ఇంకోటి చెప్పుకున్నాను.

మా టేబుల్ మీద ఒక సీనియర్ సహోద్యోగి స్టౌట్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "కాఫీ వాసన పట్టుకున్నారా? తాగడానికి ముందు వాసన చూడాలి. అసలు సంగతంతా వాసనలోనే ఉంది" అన్నాడు.

ఆ మాటతో నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. నాలుగు నెలల కింద ఇదే మనిషి నోట ఇంచుమించు ఇదే మాట విన్నాను. అప్పుడు మేం కూర్చున్నది కాలేజీ క్రమశిక్షణ కమిటీలో. మా ఎదురుగా నిలబడ్డది సెకండియర్ పిల్లవాడు. పేరు చెప్పను. మాదిగ పిల్లవాడు, తల్లి కూలి చేస్తుంది. వాళ్ల తాత చనిపోతే ఊరికి పోయాడు. దినాల నాడు తాత పేరున కల్లు సాక పోశారు. పెద్దలు రేక చేతికిస్తే మనవడు కూడా తాగాడు. రాత్రి బస్సుకు హాస్టల్ చేరాడు. గేటు దగ్గర వాసన వచ్చిందని రాసిపెట్టారు. గొడవ లేదు, తూలడం లేదు, చేతిలో సీసా లేదు. "వాసన వచ్చింది కదా, ఇంక సాక్ష్యం ఎందుకు?" అన్నాడు ఈ సీనియర్. సెమిస్టర్ మొత్తానికి హాస్టల్ నుంచి పంపేశాం.

పంపేశాం అనే రాశాను, గమనించండి. ఆ కాగితం మీద మూడు సంతకాలున్నాయి. మూడోది నాది.

ఎందుకు పెట్టానో చెప్తాను. నేను పెట్టకపోతే "మీవాళ్లను మీరు వెనకేసుకొస్తారు" అంటారని భయం. పెడితే "ఈయన మిగతావాళ్ల లాంటివాడు కాదు" అంటారని లోపలెక్కడో ఆశ. డాక్టరేట్ వచ్చినా ఆ ఆశ చావలేదు. కమిటీల్లో మనకొక కుర్చీ వేసేది చాలాసార్లు ఈ సంతకం కోసమే.

పిల్లవాడిది తప్పు కాదా అంటారు. చట్టం ప్రకారం మన రాష్ట్రంలో మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలి. వాడికి 19. తప్పే. పిలిచి మందలించొచ్చు, తల్లితో మాట్లాడొచ్చు. అంతకుముందు ఏడాది ఒక అధికారి కొడుకు గదిలో విస్కీ సీసా దొరికింది. వాసన కాదు, సీసా. ఆ కేసుకు మేం పెట్టుకున్న పేరు కౌన్సెలింగ్. "వయసు ప్రభావం" అని రాసుకుని వదిలేశాం. ఒకడు తాగితే వయసు ప్రభావం, ఇంకొకడు తాగితే పుట్టుక ప్రభావం.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఈ తేడా ఎంత పాతదో నాకు తెలుసు. అమరకోశం రెండో కాండలో బ్రహ్మ వర్గం, క్షత్రియ వర్గం, వైశ్య వర్గం, శూద్ర వర్గం వరసగా ఉంటాయి. కల్లూసారాయిల పేర్లు ఎక్కడ పెట్టారో తెలుసా? శూద్ర వర్గంలో. చండాలురు, కుక్కలు, దొంగలు, జూదం ఉన్నచోటనే. అక్కడ సురకు చెప్పిన పేర్లలో ఒకటి హలిప్రియ. హలి అంటే నాగలి పట్టిన బలరాముడు. ఆయనకు ఇష్టమైనది కాబట్టి హలిప్రియ. తాగింది దేవుడని పేరులోనే ఒప్పుకున్నారు, మచ్చ మాత్రం మనకు రాశారు.

మనుస్మృతి పదకొండో అధ్యాయం సురను మూడు రకాలు చేసింది. బెల్లంతో చేస్తే గౌడి, పిండితో చేస్తే పైష్టి, మూడోది మాధ్వి. అది ధాన్యపు మలమనీ, పై మూడు వర్ణాలూ ముట్టకూడదనీ చెప్పింది. ఆ లెక్కన గింజను పులియబెట్టి తీసే బీరు పైష్టి. శనివారం మా టేబుల్ మీద మనువు చెప్పిన మలం ఆరు గ్లాసుల్లో ఉంది. ముగ్గురు ద్విజులు కళ్లు మూసుకుని వాసన చూస్తున్నారు. మనువును కాదన్నందుకు నేను వాళ్లను మెచ్చుకుంటాను. తమకోసం మాత్రమే కాదన్నందుకు తిడుతున్నాను.

సీజనల్ అని మెనూ కార్డులో గొప్పగా రాశారు. కల్లుకంటే సీజనల్ ఏముంది? చలికాలం ఈత, ఎండాకాలం తాడి. అందులో మళ్లీ పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. ఈస్ట్ కొనక్కర్లేదు, గాలిలో, లొట్టిలో ఉన్నదే పులియబెడుతుంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల అలాగే గాలిలోని ఈస్ట్‌తో పులిసే బీరుకు లాంబిక్ అని పేరు, ప్రపంచమంతా గౌరవం. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడన్నను మాత్రం ఎవరూ క్రాఫ్ట్ మాస్టర్ అనరు. హైదరాబాద్‌లో 2004 తర్వాత పదేళ్లు కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో తెరిచారు. మరుసటి ఏడాదే మైక్రోబ్రూవరీలకు నియమాలొచ్చాయి.

కల్లు కాంపౌండును నేను స్వర్గంగా చూపించడం లేదు. మా తాతకు అక్కడ పక్కన కూర్చునే చోటు లేదు. దూరంగా కూర్చుని రేక పడితే పైనుంచి పోసేవాళ్లు. ఇవాళ కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపి అమ్మే దొంగలున్నారు. ఆ కల్లుతో చచ్చేది కూలివాళ్లే.

ఇక ఆ చెల్లెలి ప్రశ్న. అమ్మా, నీ కోపం న్యాయమైనది. మా నాన్న తాగుడికి మా అమ్మ నాట్ల కూలి ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మీద తిరగబడ్డది పేద ఆడవాళ్లు. వాళ్ల పోరాటం వల్లే 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఖజానాకు మత్తు కావాలి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని ఫీజు 2 లక్షలు. ఆ దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ కూడా ఉంది. అంటే మన పిల్లవాడు పెద్దయ్యాక డబ్బుంటే మద్యం దుకాణం పెట్టుకోవచ్చు. తాత దినాల్లో ఒక రేక తాగితే చదువుకునే మంచం పోతుంది.

కాబట్టి బెల్టు షాపుల మీద నా మాట మారలేదు. తాగుడు గొప్పదని నేను అనను. సిగ్గును సమానంగా పంచండి అంటున్నాను. నేరమైతే అందరికీ నేరం, రుచి అయితే అందరికీ రుచి.

ఆ రాత్రి టేబుల్ మీదే ఈ పిల్లవాడి సంగతి ఎత్తాను. "ఇప్పుడెందుకయ్యా, మూడ్ పాడుచేస్తావు" అన్నారు. ఒకరు ఫోన్ చూసుకున్నారు. స్టౌట్ ఆయన "రూల్ ఈజ్ రూల్" అన్నాడు, గ్లాసు చేతిలో పట్టుకునే. బిల్లు ఐదుగురం పంచుకుంటే నా వాటా 2,300 దాటింది. కాలేజీ హాస్టల్ విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే నెల డైట్ చార్జీ, 2024లో పెంచాక కూడా 2,100 రూపాయలు. ఆ లెక్క చేసుకుంటూ ఇంటికొచ్చాను.

సోమవారం పొద్దున ప్రిన్సిపల్ గారికి ఉత్తరం ఇచ్చాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, రెండు కేసుల ఫైళ్లూ పక్కపక్కన పెట్టి మళ్లీ విచారించాలని, శనివారం నేనూ తాగాననీ అందులో రాశాను. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. పిల్లవాడు రోజూ ఊరి నుంచి రెండు బస్సులు మారి వస్తున్నాడు. పొద్దుటి మొదటి క్లాసు దొరకడం లేదు. వాడికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "మీరు కూడా పెట్టిన్రని నాకు తెలుసు సార్" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్ నియమాలు రాతపూర్వకంగా అడగండి. ఐదేళ్లలో ఎవరికి ఏ తప్పుకు ఏ శిక్ష వేశారో అడగండి. సమాచార హక్కు చట్టం ఉంది, వాడండి. కమిటీల్లో కుర్చీలున్న మనవాళ్లారా, కాగితం మీ ముందుకొచ్చినప్పుడు పెన్ను తీయకముందే మాట్లాడండి. నేను నాలుగు నెలలు ఆలస్యంగా మాట్లాడుతున్నాను. ఆ నాలుగు నెలలు వాడి చదువులోంచి పోయాయి, నా జీతంలోంచి కాదు.

జై భీమ్.