ఏ అమ్మమ్మను తీసేద్దాం?

వంశవృక్షం తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఏది మంచిదని అడిగితే మనవాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే: చార్టు అందంగా అచ్చయ్యేది. "పాపా, నువ్వు చదువుకున్నదానివి, వివరాలు ఎక్కించే పని నువ్వు చూడు, సాఫ్ట్‌వేరు ఏదో మేం చూస్తాం" అన్నారు మా మామ ఒకాయన. చాకిరీ మనది, ఎంపిక వాళ్ళది. వంట ఎవరిదో, ఏం వండాలన్న నిర్ణయం ఎవరిదో మనకు తెలియనిది కాదు. కానీ అసలు రాజకీయమంతా ఆ ఎంపికలోనే ఉంది. ఏ గడి పెట్టారు, ఏ గడి పెట్టలేదు అన్నదాన్ని బట్టే ఎవరు వంశంలో ఉంటారో, ఎవరు రాలిపోతారో తేలుతుంది.

మా అవ్వ, అంటే అమ్మ తల్లి, పుంగనూరులో పుట్టింది. ఆమె తల్లి కుప్పం ఆడపడుచు. అవ్వను కుప్పంలో ఉన్న సొంత మేనమామకే ఇచ్చారు. కుప్పం ఇంటిపేరుతో పుట్టిన తల్లి పుంగనూరు పేరులోకి, పుంగనూరు పేరుతో పుట్టిన కూతురు కుప్పం పేరులోకి మారిపోయారు. దీన్ని మేనరికం అంటాం, వస్తుమార్పిడి అనం. ఆ తర్వాత మా అమ్మ మదనపల్లెకొచ్చి మూడో పేరులో చేరింది.

మేనమామను చేసుకున్నాక అవ్వకు అమ్మమ్మే అత్తగారైంది. ఒక ప్రోగ్రాములో ఇదంతా ఎక్కిస్తే ఆ పెద్దావిడ చార్టులో రెండు చోట్ల కనిపించింది. "డూప్లికేట్ పడింది, ఒకటి తీసెయ్" అన్నారు మామ. ఏది తియ్యాలి? ముద్దుచేసిన అమ్మమ్మనా, పెత్తనం చేసిన అత్తనా? ఆ రెండూ ఒకే మనిషి దగ్గర అనుభవించింది మా అవ్వ. పోరు భరించలేక పారిపోవాలంటే అమ్మమ్మ ఇల్లు కూడా లేదు, ఉన్నది అక్కడే కదా! నాకు కావలసింది ఆ రెండు చోట్లే. మేనత్త కొడుకునీ, పినతల్లి కొడుకునీ 'కజిన్' అన్న ఒకే మాటలో కలిపేసే ప్రోగ్రాముకు ఈ బాధ అర్థం కాదు. ఒకడు పెళ్ళాడదగ్గ బావ, ఇంకొకడు అన్న.

ప్రోగ్రాముల మధ్య వివరాలు మార్చుకునే జెడ్‌కామ్ అనే పద్ధతిని 1984లో మోర్మన్ చర్చి తయారుచేసింది. అందులో కుటుంబమంటే ఒక హజ్బెండ్, ఒక వైఫ్, పిల్లలు. 2021లో 7.0 వచ్చినా ఆ రెండు ట్యాగులు పోలేదు. స్త్రీని పుట్టింటి పేరుతోనే నమోదు చెయ్యాలన్నది ఈ రంగంలో ఆనవాయితీ. ఇదేదో స్త్రీల పక్షమని మురిసిపోయేవాళ్ళున్నారు. పుట్టింటి పేరు మాత్రం ఎవరిది? నాన్నది. 1919లో మదనపల్లెలో జనగణమనకు స్వరం కట్టడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్‌నే తీసుకోండి (ఆవిడ పేరూ కజిన్సే!). 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపకుల్లో ఒకరు. ఆవిడ చేసిన పనంతా భర్త ఇంటిపేరు మీదే ఉంది. ఆనవాయితీ ప్రకారం వెతికితే ఆవిడ గిలెస్పీ. రెండు పేర్లూ, ఏది ఎప్పటిదో తేదీతో సహా నిలబడాలి.

కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళల్లో చాలాచోట్ల ఇంటిపేరే లేదు. తండ్రి పేరులో మొదటి అక్షరం, పెళ్ళయ్యాక భర్త పేరులోది. ఆ అక్షరాన్ని ఇంటిపేరు గడిలో వేస్తే సొంత అక్కచెల్లెళ్ళు వేరువేరు వంశాలైపోతారు.

ఇదంతా కాలక్షేపం అనుకునేవాళ్ళు కోర్టుకు వెళ్ళి చూడాలి. భాగపరిష్కారం దావాల్లో వంశవృక్షం జతచేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకు తప్ప. 2005 కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. కొడుకుల కొమ్మలు సాగదీసి, కూతురి దగ్గర ఆపేసి అచ్చువేయించే చార్టు ఏ చట్టం ప్రకారం గీసింది?

నేను గ్రాంప్స్ ఎంచుకున్నాను. 2001లో మొదలైన ఉచిత ప్రోగ్రాము. ఒక మనిషికి ఎన్ని పేర్లైనా, తేదీలతో సహా, రాయొచ్చు. ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చిందా, తల్లి వైపు నుంచా, మధ్యలో తీసుకున్నదా అని కూడా రాయొచ్చు. ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పొచ్చు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు మదనపల్లె కడపలో, పుంగనూరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి మరి. నేర్చుకోవడం కష్టమే. అందులోనూ తండ్రి గడే ముందుంది, ఒప్పుకుంటాను. కానీ కంపెనీలను నమ్ముకోవడం ఇంకా కష్టం. మోర్మన్ చర్చి తన పిఏఎఫ్‌ను 2013లో ఆపేసింది. ఫ్యామిలీ ట్రీ మేకర్ అమ్మకం ఆపేస్తామని 2015 డిసెంబరులో యాన్సెస్ట్రీ ప్రకటించింది. మరుసటి ఏడాది ఇంకో కంపెనీ తీసుకుంది కాబట్టి సరిపోయింది.

అవ్వ అమ్మమ్మ పేరు మా ఇంట్లో ఏ పట్టా కాగితంలోనూ లేదు. పుంగనూరులో తొంభై దాటిన ఒకావిడ చెప్పింది. ఆధారం గడిలో ఆవిడ పేరే రాశాను, చెప్పిన రోజుతో సహా. రేపు ఇంకో ప్రోగ్రాముకు మారవలసివస్తే ముందు చూసేది ఆ గడి అటు చేరుతుందా లేదా అన్నదే.