విజ్ఞానసర్వస్వము – తెలుగువారి కర్తవ్యము

ఒక జాతి దేనిని తెలిసికొనగోరుచున్నదో దాని ఆకరగ్రంథములే చాటును. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులగు కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు బూనుకొనిరి. అచ్చయిన మూడు సంపుటములును అకారమును దాటలేదు. 1923లో వారు కీర్తిశేషులైరి. పాండిత్యము కొఱవడి గాదు, భారమెల్ల ఒక్కరి భుజములపై మోపి దేశము చూచుచుండుటచేతనే ఆ పని కుంటువడినదని మా యభిప్రాయము.

ఆ నగరమునకే పడమట, మాదాపూరున, 1998లో సైబర్ టవర్సు తెఱవబడెను. నేడు ఆ ప్రాంతమున లక్షలకొలది ఉద్యోగులు లోకమునకెల్ల సాఫ్టువేరు సమకూర్చుచున్నారు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను మాత్రము కొలదిమంది స్వచ్ఛందసేవకులే, వేతనము గొనక, పెంచుచున్నారు. నూఱేండ్లు గడచినను భారము కొలదిమందిదే!

యంత్రములు సైతము వ్రాసియున్నదానిని చదివియే బదులు చెప్పు కాలమిది. మన భాషలో వ్రాయబడనిది మన బిడ్డలకు లేనిదే యగును. కావున భూవసతిగల పెద్దలు తమ నేలల, చెఱువుల, వంగడముల సంగతులను, పట్టణవాసులు తమ వృత్తుల మర్మములను, ఇంజనీర్లు తమ శాస్త్రమును, ఆధారములతో తలకొక వ్యాసముగా వ్రాయుదురుగాక. విరాళమొసంగుట మంచిదే, కలము పట్టుట అంతకంటె మేలు.